పేరు కొట్టించిన బేసిన్

మా చర్చిలో ఫ్యాన్లకు కూడా పేర్లుండేవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో, మూడో అంతస్తు మీద రేకుల షెడ్డు మా చర్చి. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే నరకం గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు. అందుకని ఒక పెద్దమనిషి నాలుగు ఫ్యాన్లు ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోలేదు. ప్రతి రెక్క మీదా ఎర్ర పెయింటుతో తన పేరు, భార్య పేరు రాయించాడు. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే కనపడుతుంది. జనమంతా చెమటలు కక్కుతూ విసనకర్రల కోసం వెతుక్కుంటుంటే, ఆయనొక్కడు తల పైకెత్తి చూసుకుని సంతోషించేవాడు. ఆ రోజుల్లో కరెంటు బాగానే పోయేది కాబట్టి ఆయన సంతోషానికి లోటు రాలేదు.

కుర్చీల వెనక పేర్లు, మైకు స్టాండు మీద పేరు, గోడ గడియారం అద్దం మీద పేరు. ఇవన్నీ చూసి నేను నవ్వేదాన్ని. దేవుడికిచ్చి రసీదు గోడకు అంటించుకున్నట్టు ఉందని పక్కనున్న ఆడవాళ్లతో అనేదాన్ని. నాకు చదువు రాదు. నా పేరు, చనిపోయిన మా ఆయన పేరు మాత్రం అక్షరాల వాలకం చూసి పోల్చుకోగలను. ఆ రెండు పేర్లూ అదే చర్చిలో ఒక స్టీలు బేసిన్ మీద ఉన్నాయి. అది వేరే సంగతని నేను అనుకునేదాన్ని.

మాది నల్లగొండ దగ్గర పల్లె. మా ఆయన తాపీ మేస్త్రీ. పని కోసం ఎల్బీనగర్ వచ్చి, కిరాయి గదిలో ఉండి, ఇక్కడే జబ్బు చేసి పోయాడు. ఆయన పోయాక నేను చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. చర్చిలో కూడా ఊడ్చి తుడిచే పని నేనే అడిగి తీసుకున్నాను. అడిగి తీసుకున్నానని పదిమందికి చెప్పాను కూడా.

శుభ శుక్రవారానికి ముందు రోజు, గురువారం సాయంత్రం, మా చర్చిలో పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు కడుగుతారు. మధ్యలో దుప్పటి కడతారు. ఇందులో ఉన్న వేడుక ఏమిటంటే, కడిగించుకోవడానికి వచ్చే ప్రతివాళ్లూ ఇంట్లో ముందే కాళ్లు కడుక్కుని వస్తారు. ఉత్త కడుక్కోవడం కాదు. సబ్బు పెట్టి, మడమలు రాయితో రుద్ది, గోళ్లు తీసుకుని, కొబ్బరినూనె రాసుకుని, కొందరైతే పౌడరు కూడా వేసుకుని వస్తారు. అట్లాంటి పాదాన్ని నీళ్లలో ముంచి, తీసి, తువ్వాలుతో తుడిచి, అందరూ కళ్లు ఒత్తుకుంటారు. నీళ్లు పోసేటప్పుడు ఎంత తెల్లగా ఉంటాయో పారబోసేటప్పుడూ అంతే తెల్లగా ఉంటాయి. ఆ నీళ్లు పారబోసేది నేనే కాబట్టి నాకు తెలుసు.

మొదట్లో పాస్టరు అయ్యగారి భార్య, మేమందరం అమ్మగారు అంటాము, తన ఇంట్లో స్నానాల టబ్బు తెచ్చేది. అది చూసి నాకు మనసు కరిగింది. మెయిన్ రోడ్డు మీద స్టీలు దుకాణంలో పెద్ద బేసిన్ కొన్నాను. పేరు కొట్టాలా అమ్మా అని దుకాణంవాడు అడిగాడు. ఒక్క క్షణం కూడా ఆగకుండా మా ఆయన పేరు, కింద నా పేరు కొట్టించాను. పేరు ఉంటే ఎవరూ ఎత్తుకుపోరని చర్చిలో చెప్పాను. కాళ్లు కడిగే బేసిన్‌ను చర్చిలో నుంచి ఎత్తుకుపోయే దొంగ ఈ పట్నంలో ఎక్కడున్నాడో నన్ను ఎవరూ అడగలేదు.

ఏటా గురువారం పొద్దున దాన్ని చింతపండుతో తోమేదాన్ని. సాయంత్రం ముందు వరుసకు ఎదురుగా పెట్టి, పేరు జనం వైపు వచ్చేలా తిప్పేదాన్ని. ఎవరైనా కాలితో తగిలి అది పక్కకు తిరిగితే, నీళ్లు సర్దే వంకతో వంగి మళ్లీ తిప్పేదాన్ని. ఒక ఏడాది ఫోటోలో నా మొహం స్తంభం చాటున పడింది, బేసిన్ మాత్రం స్పష్టంగా వచ్చింది. నాకు ఏ బాధా లేదు.

మా ఆడవాళ్లు కూటంలో లేచి చెప్పుకునే సాక్ష్యాలు కూడా ఆ తీరే. ఒకామె లేచి నేను ధూళినని చెబుతుంది. తర్వాతి ఆమె లేచి ధూళి కన్నా తక్కువదాన్నని చెబుతుంది. మూడో ఆమె ఏకంగా పురుగు దాకా దిగుతుంది. ఎవరు ఎక్కువ కిందికి పోతే వాళ్లు గెలిచినట్టు. నా వంతు వస్తే నాకు చదువు లేదు, ఏమీ తెలియదు అని మొదలుపెట్టేదాన్ని. ఒకసారి అయ్యగారు నా మాట అందుకుని, నిజమే, ఈమెకు ఏమీ తెలియదు, అయినా దేవుడు వాడుకుంటున్నాడు అన్నాడు. ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం మూడు వారాలు తగ్గలేదు.

అయ్యగారి సంగతి కూడా చెప్పాలి. ఆయనది ఏ జిల్లానో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లతో అండీ అండీ అని మెత్తగా మాట్లాడేవాడు. మా నల్లగొండవాళ్ల దగ్గరికి వచ్చి ఏంది సంగతి అని భుజం చరిచేవాడు. తెలంగాణ ఉద్యమం ముదిరి రోజుకో ధర్నా, వారానికో బంద్ అవుతున్న కాలంలో ఆయన పరేషాన్ చూడాలి. చర్చిలో సగం వాళ్లు, సగం మేము. మా డ్రైవరన్న ఒకడు లేచి, ప్రభువా మా రాష్ట్రం మాకియ్యి అని గట్టిగా ప్రార్థన చేసేవాడు. వెంటనే అటువైపు నుంచి ఒకాయన లేచి, ప్రభువా అందరినీ కలిపి ఉంచు అని ఇంకా గట్టిగా ప్రార్థన చేసేవాడు. ఇద్దరివీ కళ్లు మూసే ఉండేవి. ఇద్దరూ పిలిచేది దేవుణ్ణే, వినిపించేది మాత్రం పక్క వరుసకు.

అటువైపు ఆడవాళ్లలో ముఖ్యమైన మనిషి బ్యాంకు మేడం. విజయవాడ వైపు నుంచి వచ్చి బ్యాంకులో ఉద్యోగం చేసేది. నాకన్నా నాలుగైదేళ్లు చిన్నది, మోకాళ్లు మాత్రం నాకన్నా ముసలివి. కుర్చీలు ఇచ్చింది ఆమే. వాటి మీద పేరు ఆమె భర్త రాయించాడని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆమే రాయించుకుందని నేను అందరికీ చెప్పి ఉన్నాను.

ఆ ఏడాది పాదాల ఆరాధనకు రెండు వారాల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక, అయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఒక ఆంధ్ర సహోదరి, ఒక తెలంగాణ సహోదరి అందరి ముందూ ఒకరి పాదాలు ఒకరు కడగాలి, ఫోటో తీయాలి. అటు నుంచి బ్యాంకు మేడం, ఇటు నుంచి నేను. మేడం సరేనంది. నేను మాత్రం ఆమె పాదాలు కడుగుతాను కానీ నావి కడిగించుకోను అన్నాను. అమ్మగారు ఎందుకమ్మా అని అడిగితే, అంత గొప్పదాన్ని కాదమ్మగారూ అని తల దించుకున్నాను. మా ఆడవాళ్లంతా ఆహా అన్నారు.

ఆ ఆహా కోసమే ఆ మాట అన్నాను. లోపలి సంగతి వేరు. నేను కింద కూర్చుని ఆమె కాళ్లు కడిగితే చూసేవాళ్ల కళ్లలో నేనే పెద్దదాన్ని. అదే ఆమె నా కాళ్లు పట్టుకుంటే ఆ పెద్దరికం ఆమెకు పోతుంది. నా మడమల పగుళ్లు ఆమె కంట పడతాయి. రేపు ఎదురైతే ఆమె ముందు నేను మెత్తగా నిలబడాలి. అది నావల్ల కాదు.

అప్పుడు బ్యాంకు మేడం, మూలనున్న బేసిన్ వైపు చూసి నెమ్మదిగా అంది. "ఇంకో పాత్ర ఏదైనా తెచ్చుకుందామా అండీ? పెద్దాయన పేరున్న దాంట్లో కాళ్లు కడిగిన నీళ్లు పోయడం నాకెందుకో మనసొప్పదు."

ఆమె మంచికే అంది. ఇప్పుడు తెలుస్తోంది. మా ఆయన పేరు మీద మట్టి కాళ్ల నీళ్లు పోయడం తప్పని ఆ మనిషితో పదేళ్లు కాపురం చేసిన నాకు తట్టలేదు, ఆయన్ను ఎన్నడూ చూడని మనిషికి తట్టింది. నాకు ఒళ్లు మండింది.

"మా ఆయన పేరు గూడ మీకు అడ్డమొచ్చిందా మేడం?" అన్నాను. "మా నీళ్లు, మా నౌకరీలు అయిపోయినయి, ఇగ గీ బేసిన్ ఒక్కటే మిగిలింది మీకు."

డ్రైవరన్న వెంటనే లేచి, అక్క అన్నదాంట్లో తప్పేముంది అన్నాడు. మావాళ్లు ఐదు కుటుంబాలు నా వెనక నిలబడ్డారు. అయ్యగారు అటూ ఇటూ చూసి, ఎవరితో ఏ భాష మాట్లాడాలో తెలియక నోరు మూసుకున్నాడు. మేడం మొహం ఎర్రబడింది.

అక్కడ రోడ్ల మీద కాలేజీ పిల్లలు లాఠీదెబ్బలు తింటున్నారు. నా హాస్టల్లో ఉన్న ఆడపిల్లలు వాళ్లలో కొందరి కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. అంత పెద్ద ఉద్యమాన్ని నేను తెచ్చి నా బేసిన్‌కు కాపలా పెట్టాను. ఆ రోజు మాత్రం నాకది వీరత్వంగా తోచింది. బేసిన్ చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను. నా వెనకే ఐదు కుటుంబాలూ దిగాయి.

ఆ రెండు వారాలు నేను చేసిన పని ఎదురుచూడటం. బేసిన్ లేకుండా వాళ్లు ఆరాధన ఎట్లా చేస్తారో చూద్దామనుకున్నాను. అయ్యగారు వస్తాడు, కాదంటాను. మళ్లీ వస్తాడు, బేసిన్ ఇస్తాను, ఒక మాట అని ఇస్తాను. ఆ మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ రాలేదు. అమ్మగారు ఒకసారి ఫోన్ చేసి, ఒంట్లో ఎట్లా ఉందమ్మా, మందులు వేసుకుంటున్నావా అని అడిగింది. బేసిన్ ఊసే ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక దాన్ని మళ్లీ తోమాను. వాడని పాత్రను రోజూ తోమే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

గురువారం వచ్చింది. ఆ రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు, హాస్టల్ పని కూడా లేదు. మధ్యాహ్నం దాకా గదిలో కూర్చున్నాను. ఇక ఆగలేక బేసిన్‌ను బియ్యం సంచిలో పెట్టుకుని నడక మొదలుపెట్టాను. నా లెక్క ప్రకారం అక్కడ అందరూ దిక్కుతోచక ఉంటారు. నేను గడపలో నిలబడతాను. సంచిలో ఏముందమ్మా అని ఎవరో ఒకరు అడుగుతారు. నాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్న.

ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలబెట్టారు. నల్లటి పొగ. పోలీసులు నీళ్లు కొట్టించారేమో, మసి, నీళ్లు కలిసి రోడ్డంతా నల్లటి బురద. జనం ఒక్కసారిగా పరుగెత్తితే నేనూ పరుగెత్తాను. ఒక చెప్పు తెగింది. ఇంకోదాన్ని నేనే విసిరేశాను. ఒక కానిస్టేబులు నన్ను ఆపాడు.

"సంచిల ఏముందమ్మా?"

"బేసిన్ సార్."

"బంద్ నాడు బేసినెందుకు?"

"చర్చిల కాళ్లు కడుగనీకి."

"ఎవలయి?"

ఆయన సంచి తట్టి చూసి, పోనీ అన్నాడు. కొత్తపేట దాటి, షట్టర్లు మూసిన దుకాణాల ముందు నుంచి నడుస్తుంటే ఆ ఎవలయి, ఎవరి కాళ్లు, అన్న మాటే చెవిలో తిరిగింది. నేను కోరుకున్న ప్రశ్న సంచిలో ఏముందని. ఆ మనిషి దాన్ని అడిగి, అక్కడితో ఆగలేదు.

గల్లీలోకి వచ్చేసరికి పైనుంచి పాట వినపడుతోంది. నేను లేకుండానే మొదలుపెట్టారు. మెట్లెక్కి గడపలో నిలబడ్డాను. పదిహేను మందికి మించి లేరు, అందరూ దగ్గర ఇళ్లవాళ్లు. కరెంటు లేదు. ఫ్యాన్లు ఆగి, ఎర్ర అక్షరాల పేర్లన్నీ పైనుంచి మమ్మల్ని చూస్తున్నాయి. ముందు వరుసలో అమ్మగారు కూర్చుంది. బ్యాంకు మేడం నేల మీద మోకాళ్ల మీద ఉండి ఆమె పాదం తుడుస్తోంది. పక్కనే నీళ్లు ఉన్నది ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌లో. అంచు పగిలిన బకెట్. నేను ప్రతి శనివారం మెట్లు తుడిచే బకెట్.

అందులోనే అందరివీ కడిగేశారు. ఎవరికీ ఏ లోటూ జరగలేదు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు తల ఊపారు. సంచి వైపు ఎవరూ చూడలేదు. నేను దాన్ని రెండు చేతుల్లోకి మార్చుకున్నాను, కొంచెం చప్పుడయ్యేలా కింద పెట్టాను. అయినా ఎవరూ చూడలేదు.

మేడం చూసింది నా కాళ్లను.

"ఏంటండీ ఆ కాళ్లు?" అంది.

"చౌరస్త కాడ టైర్లు కాలవెట్టిన్రు. చెప్పులు తెగినయి."

"కూర్చోండి."

"వద్దు మేడం. నేనే మీయి కడుగుత."

"నావి ఇంట్లో కడుక్కునే వచ్చానండీ. ఇక్కడున్న అందరం అంతే. కడగాల్సినవి మీవే." కొంచెం ఆగి అంది, "మోకాళ్లు పట్టేశాయి. లేచానంటే మళ్లీ కూర్చోలేను. త్వరగా పెట్టండి."

ఆమె గొంతులో భక్తీ లేదు, జాలీ లేదు. అన్నం చల్లారిపోతోంది, తొందరగా రమ్మన్నట్టు ఉంది. ఆ గొంతుకు ఏ జవాబు చెప్పాలో నేను ముందుగా సిద్ధం చేసుకోలేదు. మెల్లగా కుర్చీలో కూర్చున్నాను. వెనక పేరున్న కుర్చీయే.

బకెట్‌లో ఒక్క కాలే పట్టింది. చీలమండ దాకా మసి. నీళ్లు పోసిన వెంటనే నల్లగా అయ్యాయి. ఆ చర్చిలో పాదాల గురువారం నాడు నల్లగా మారిన నీళ్లను నేను మొదటిసారి చూశాను. మేడం లేవలేక లేచి, తానే పోయి నీళ్లు పారబోసి, కొత్తవి పట్టుకొచ్చింది. అవీ నల్లబడ్డాయి. మళ్లీ పోయింది. మూడోసారి సబ్బు తెచ్చి రుద్దింది. టైరు మసి సబ్బుకు పోతుందా, గోళ్ల సందుల్లో అట్లాగే ఉంది. ఆమె చేతులు కూడా నల్లబడ్డాయి. అయ్యగారు ఫోన్ పట్టుకుని వచ్చాడు కానీ వెలుతురు చాలక ఫోటో రాలేదు.

మడమ పైకెత్తి చూసి ఆమె అడిగింది, "ఇవి నొప్పెట్టవా అండీ? ఇంత పగుళ్లు?"

మా ఆయన పోయాక నా కాళ్ల గురించి అడిగిన మనిషి లేదు. నాకు కన్నీళ్లు వచ్చాయి. నేను పరిశుద్ధాత్మతో నిండిపోయాననుకుని చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం స్తోత్రం అన్నారు. పగుళ్లలోకి సబ్బు పోయి మండుతోంది, సగం ఏడుపు అందుకే. మిగతా సగం దేనికో వాళ్లకు చెప్పుకోదగ్గది కాదు. ఆమె కుర్చీల గురించి నేను అన్న మాటలు, మా నీళ్లు మా నౌకరీలు అన్న మాట, అన్నీ ఆ బకెట్‌లోనే తేలుతున్నట్టు అనిపించింది.

తర్వాత నేను ఆమె పాదాలు కడిగాను. శుభ్రంగానే ఉన్నాయి. కడగడానికి ఏమీ లేదు. ఆమె ఇచ్చినదానికి బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేకుండా అయింది. పదేళ్ల సాక్ష్యాల్లో నాకు ఏమీ తెలియదు అన్నప్పుడు ఎప్పుడూ అంత చిన్నగా అనిపించలేదు.

అందరూ మెట్లు దిగుతుంటే ఆమె వెనకనుంచి పిలిచింది. "సంచి మర్చిపోయారండీ." తీసుకొచ్చి నా చేతికిచ్చింది. బరువు, గుండ్రటి అంచు, అన్నీ ఆమె చేతికి తెలిసే ఉంటాయి. బేసిన్ గురించి ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేది. తిరిగి ఒక మాట అని తేలికయ్యేదాన్ని.

నా వెనక మెట్లు దిగిన ఐదు కుటుంబాల్లో మూడు తిరిగి వచ్చాయి. రెండు రాలేదు. వాళ్లిప్పుడు నాగోల్‌లో ఇంకో చర్చికి పోతున్నారు. ఆ రెండింటిలో ఒకటి డ్రైవరన్న కుటుంబం. నేను ఆయన ఇంటికి పోయి, తప్పు నాదన్నా, బేసిన్ కోసం అట్లన్న అని చెప్పాను. ఆయన నమ్మలేదు. నువ్వు మంచిదానివక్కా, వాళ్లే నిన్ను భయపెట్టిన్రు అన్నాడు. నేను కట్టిన పార్టీ నాకన్నా గట్టిదని అప్పుడు తెలిసింది. తర్వాత రాష్ట్రం వచ్చింది, మిఠాయిలు పంచుకున్నాం, బ్యాంకు మేడం కూడా తిన్నది. ఆ రెండు కుటుంబాలు మాత్రం రాలేదు.

పేరు తీయిద్దామని బేసిన్‌ను స్టీలు దుకాణానికి తీసుకుపోయాను. "కొట్టుడే వస్తదమ్మా, తీసుడు రాదు," అన్నాడు దుకాణంవాడు. "గీకితే బొక్క పడుతది." అందుకని దాంట్లో ఇప్పుడు బియ్యం కడుగుతున్నాను. మా ఆయన బతికుంటే ఆయన పేరున్న గిన్నె బియ్యానికే వాడమనేవాడు. చర్చిలో ఎర్ర బకెట్టే ఉంది. దాని మీద ఎవరి పేరూ లేదు.

ఇంతటితో నాకు బుద్ధి వచ్చిందని చెబితే అది ఇంకో గొప్ప అవుతుంది. ఆ తర్వాతి నెల ఆడవాళ్ల కూటంలో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాను. అందరూ ఏడ్చారు. ఇంకో కూటంలో చెప్పమన్నారు, చెప్పాను. అమ్మగారు వేరే చర్చి ఆడవాళ్లను పిలిచినప్పుడు మూడోసారి చెప్పాను. అందరిలోకీ మురికి కాళ్లు నావేనని చెప్పేటప్పుడు నా గొంతు ఎంత పెద్దదైందో నాకే వినపడింది. కూర్చున్నాక బ్యాంకు మేడం పక్కకు ఒరిగి నా చెవిలో అంది, "మొదటిసారి చెప్పినప్పుడు మసి చీలమండ దాకే ఉందండీ. ఇవాళ మోకాళ్ల దాకా వచ్చేసింది."

నాకు నవ్వొచ్చింది, సిగ్గుతో చచ్చిపోయాను కూడా. ఆ రోజు నుంచి ఆ సాక్ష్యం చెప్పడం మానేశాను. ఇప్పుడు మీరు రాసుకుంటామని అడిగితే మళ్లీ నోరు విప్పాను. ఇందులో చీలమండ దాకానే చెప్పాను. అనుమానముంటే ఆమెను అడగండి.